పులి మైకుతో ఒక యాసంగి

పోయిన యాసంగిలో పల్లి చేనుకు కాపలాగా, అడవిపందులను తరిమే సౌండ్ మిషన్ ఒకటి కొన్నాను. మా దిక్కు దీన్ని పులి మైకు అంటారు. మాది అచ్చంపేట దగ్గర, బల్మూర్ వైపు ఊరు. చేను నాలుగెకరాలు. ఒక పక్క వాగు, వాగు దాటితే తుమ్మలు, పొదలు, వాటి వెనక గుట్ట. కొనే ముందు ఎవరైనా పంట కాలం మొత్తం వాడి రాశారేమోనని చాలా వెతికాను. దొరికినవన్నీ మొదటి వారం సంబరంలో రాసినవే. అందుకే నేను విత్తనం వేసిన రోజు నుంచి పల్లి పీకేదాకా వాడి, ఆ తర్వాత రాస్తున్నాను.

కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. ఈ మిషన్లు లోపల దాదాపు అన్నీ ఒకటే. టిఫిన్ బాక్సంత ప్లాస్టిక్ డబ్బా, అందులో ఆంప్లిఫయర్, మెమరీ కార్డు, టైమర్. పొద్దుగూకగానే దానంతట అదే ఆన్ అయ్యే లైట్ సెన్సార్. 12 వోల్టుల బ్యాటరీ, చిన్న సోలార్ పలక, గుడి మీద పెట్టే లాంటి హారన్ ఒకటి. నాకు 9,200 రూపాయలు పడింది. కార్డులో 14 చప్పుళ్లు ఉన్నాయి: పులి, చిరుత, కుక్కల మొరుగుడు, తుపాకీ, పటాకులు, మనుషుల అరుపులు, ఇంకా కొన్ని. ఐదెకరాలకు ఒక్కటి చాలని షాపులో చెప్పారు. కోతులకు, నెమళ్లకు అల్ట్రాసోనిక్, అంటే మన చెవికి అందనంత సన్నటి చప్పుడు కూడా ఉందన్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సామాను గట్టిదే. రెండు వానలకు తడిసినా ఆగలేదు. బ్యాటరీ తెల్లారేదాకా వస్తుంది, మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం మూడు గంటలకే పడిపోయింది. బోల్టులు తుప్పు పట్టాయి, మార్చుకున్నాను. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. అసలు సంగతి చప్పుడు.

అక్టోబర్ చివర్లో విత్తనం వేసినప్పుడు మొదట పెట్టాను. పందులు పల్లికి రెండుసార్లు వస్తాయి. విత్తనం వేసిన వారంలో సాలు వెంబడి మూతితో దున్నుకుంటూ గింజలు ఏరుకుంటాయి. మళ్ళీ కాయ ఊరాక వస్తాయి. మొదటి విడతలో మిషన్ అద్భుతంగా పనిచేసింది. పది రోజులు ఒక్క అడుగు కూడా చేన్లో పడలేదు. మొలక లేచాక ఆపేశాను. జనవరిలో కాయ గట్టిపడుతుంటే మళ్ళీ పెట్టాను. ఈసారి తొమ్మిది రోజులు ఆగాయి. పదో రాత్రి వచ్చాయి.

ఆ రాత్రి మంచె మీద నేనొక్కణ్ణే ఉన్నాను. చలి బాగా ఉంది. పదకొండు దాటాక వాగులో ఎండుటాకుల మీద అడుగులు వినిపించాయి, వాటితో పాటే సన్నటి గురగుర. పందుల గుంపు నడుస్తున్నంతసేపూ ఆ గురగుర ఆగదు. ముందు నడిచే పెద్ద ఆడపంది ఒకసారి అంటే, వెనక నుంచి పిల్లలు సన్నగా బదులిస్తాయి. చీకట్లో, పొదల్లో ఒకదానికొకటి కనపడవు కదా, గుంపు చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఆ చప్పుడే. గట్టు ఎక్కగానే అవి ఆగాయి. గురగుర కూడా ఆగింది. పందులు చెవులు నిక్కించి వింటున్నాయని అట్లా తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే మైకులో పులి గాండ్రించింది. మొదటి రోజుల్లో అయితే దీనికి పెద్దది ముక్కుతో 'హుఫ్' అని ఒక్క విసురు విసిరేది, అంతే, గుంపంతా వాగులోకి దూకేది. ఆ రాత్రి ఆ హుఫ్ రాలేదు. కాసేపటికి గురగుర మళ్ళీ మొదలైంది, నిదానంగా. ఆ తర్వాత పటపట. పల్లికాయ పంది నోట్లో పగిలే చప్పుడది. హారన్ కట్టిన కర్రకు నాలుగైదు గజాల దూరంలోనే. పైన పులి గాండ్రిస్తూనే ఉంది, కింద కాయలు పగులుతూనే ఉన్నాయి. నేను కేక పెట్టి టార్చి వేసేసరికి నాలుగు సాళ్లు పోయాయి.

తెల్లారి షాపుకు ఫోన్ చేస్తే 'సౌండ్ పెంచండి' అన్నారు. ఆ సలహా తప్పని నాకు అప్పటికే అనుమానం. డిగ్రీలో జువాలజీ చదివాను, జంతువుల చప్పుళ్ల మీద ఏది కనపడ్డా చదువుతాను. జంతువుకు చప్పుడు అంటే ఒక కబురు. 'పులి వచ్చింది' అన్న కబురు నిజమైతే దాని వెనక ఏదో జరగాలి. వాసన రావాలి, చెట్ల మీద కొండముచ్చులు ఖోఖో అని ఎగరాలి, చుక్కల దుప్పి కూయాలి, గుంపులో ఒకటైనా పోవాలి. మా మైకు పులి ప్రతి ఇరవై నిమిషాలకు, ఒకే కర్ర మీద నుంచి, ఒకే గొంతుతో, ఒకే పొడవు గాండ్రిస్తుంది. గాండ్రించి ఊరుకుంటుంది. చిన్నప్పుడు అందరం విన్న 'నాన్నా పులి' కథే ఇది. ఆ కథలో కొన్నిసార్లు మోసపోయి నమ్మడం మానుకున్నట్టే, పందులు కూడా మోసపోయి నమ్మడం మానుకున్నాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కెన్యాలోని అంబోసెలిలో వర్వెట్ కోతుల మీద సేఫార్త్, చీనీ, మార్లర్ అనే శాస్త్రవేత్తలు చేసిన పని 1980లో అచ్చయింది. ఆ కోతులు చిరుతకు ఒక కేక, గద్దకు ఇంకో కేక, పాముకు మరో కేక వేస్తాయి. వీళ్ళు ఆ కేకలు రికార్డు చేసి, ఏ జంతువూ లేనప్పుడు స్పీకర్‌లో వినిపించారు. చిరుత కేకకు కోతులు చెట్టెక్కాయి, గద్ద కేకకు పైకి చూశాయి, పాము కేకకు నిలబడి కింద గడ్డిలోకి చూశాయి. అంటే స్పీకర్ చప్పుడును కూడా అవి నిజం కబురుగానే తీసుకున్నాయి. మా మిషన్ మొదటి పది రోజులు పనిచేయడానికి కారణం ఇదే. ఆ తర్వాతి ప్రయోగం ఇంకా గొప్పది. ఒకే కోతి గొంతుతో ఉత్తుత్తి కేకలు పదే పదే వినిపిస్తే, మిగతావి ఆ కోతి మాట నమ్మడం మానేశాయి. అదే కేక ఇంకో కోతి గొంతులో వస్తే మాత్రం మళ్ళీ పట్టించుకున్నాయి. చెప్పేది ఎవరు అన్న లెక్క వాటి దగ్గర ఉంటుంది. మా మైకు పులి గొంతును మా వాగు పందులు అట్లాగే గుర్తుపట్టి పక్కన పెట్టేశాయి.

ఇంకో లోపం హారన్‌ది. నిజమైన పులి గాండ్రింపులో బలమంతా లోతైన, బరువైన స్వరంలో ఉంటుంది. అందుకే అది అడవిలో చెట్లు, గుట్టలు అడ్డున్నా రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. లోతైన చప్పుడు ఆకులకు, కొమ్మలకు అంత తేలిగ్గా ఆగదు, సన్నటి చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఎంత లోతో, ఎంత సన్నమో హెర్ట్జ్‌లలో లెక్కిస్తారు, అంకె తగ్గేకొద్దీ లోతు. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా వింటుంది. పంది చెవి సుమారు 42 నుంచి 40,000 దాకా వింటుంది. ఈ చిన్న హారన్ సుమారు 300 కింద సరిగ్గా పలకనే పలకదు. అంటే పులి గాండ్రింపులో పులిని తీసేసి మిగిలిన పీచు మాత్రమే బయటికొస్తుంది. మా పక్క అమ్రాబాద్ పులుల అడవి ఉంది, 2,600 చదరపు కిలోమీటర్ల పైనే. మా పందుల్లో నిజమైన గాండ్రింపు విన్నవి ఉండొచ్చు. వాటికి ఈ పీచు గొంతు ఎన్నాళ్ళు పులిగా వినపడుతుంది?

ఐదెకరాలు అన్న మాట కూడా నమ్మకండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు 6 డెసిబెల్స్ (చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) చొప్పున పడిపోతుంది. హారన్ ముందు పక్క బాగానే పోతుంది, వెనక పక్క చాలా తక్కువ. నాకు నమ్మకంగా కాపు కాసింది ఎకరంన్నర. అయితే ఒక విచిత్రం ఉంది. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి కొంచెం వెచ్చగా ఉంటే చప్పుడు పైకి పోకుండా వంగి మళ్ళీ నేల వైపు వస్తుంది. అందుకే ఆ రోజుల్లో కిలోమీటరు అవతల ఊర్లో మా మైకు వినపడేది, మాకు ఊరి భజన వినపడేది. పక్క చేన్లో గుడిసె వేసుకుని ఉండే అన్నా వదినలకు ఆరు నెలల పాప ఉంది. మొదటి వారం ఆ పిల్ల ప్రతి గాండ్రింపుకు ఉలిక్కిపడి లేచేదట. వదిన చెప్పేదాకా నాకు తెలియలేదు, చాలా బాధ అనిపించింది. హారన్ మూతి వాగు వైపు తిప్పి, సౌండ్ సగం చేశాను. మీరు పెట్టే ముందే ఇది చూసుకోండి.

ఇప్పుడు అల్ట్రాసోనిక్ సంగతి. నెమళ్లకని చెప్పి దీనికి విడిగా 1,500 తీసుకున్నారు. ఇది దండగ. అల్ట్రాసోనిక్ అంటేనే 20,000 హెర్ట్జ్ పైన. పక్షి చెవి బాగా వినేది 1,000 నుంచి 4,000 మధ్య, 10,000 దాటితే దాదాపు ఏ పక్షికీ వినపడదు. అంటే మనకు వినపడనంత సన్నటి చప్పుడు నెమలికి ఇంకా వినపడదు. నా కళ్ళ ముందే నెమళ్లు ఆ డబ్బా కింద నిలబడి మొలకలు పీకాయి. ఒక మగ నెమలైతే డబ్బా ముందే పురి విప్పి ఆడింది. అది ఆడేటప్పుడు తోక ఈకలు సెకనుకు పాతిక సార్ల దాకా కొట్టుకుంటాయి. ఆ గలగల దగ్గరగా వింటే వాన చినుకులు తాటాకు మీద పడ్డట్టు ఉంటుంది. దాంట్లో మన చెవికి అందనంత లోతు చప్పుడు కూడా ఉందని కెనడా పరిశోధకులు 2015లో చెప్పారు. ఇంత లోతు చప్పుడుతో పని నడుపుకునే పక్షికి, అది వినలేని సన్నటి చప్పుడు పెట్టి అమ్మడం అన్యాయం. డబ్బు వాపసు అడిగాను, ఇవ్వలేదు. పులి మైకు కొంటే కొనండి, ఈ అల్ట్రాసోనిక్ డబ్బా మాత్రం వద్దే వద్దు.

జనవరి మూడో వారంలో మిషన్‌ను పూర్తిగా మార్చేశాను, అసలు లాభం అప్పటి నుంచే. దక్షిణ భారతంలో ఏనుగుల మీద వివేక్ తుప్పిల్, రిచర్డ్ కాస్ చేసిన ప్రయోగం 2013లో వచ్చింది. ఏనుగు పంట వైపు నడిచే దారిలో కనపడని కిరణం పెట్టి, అది తెగినప్పుడే గుర్రుమనే చప్పుడు వినిపించారు. పులి గుర్రుకు ఏనుగులు చప్పుడు చేయకుండా వెనక్కి జరిగిపోయాయి. చిరుత గుర్రుకు ఘీంకరించాయి, కోపంగా వెతికాయి. రెండింటి మధ్య తేడా వాటికి అంత బాగా తెలుసు. నాకు పనికొచ్చిన ముక్క మాత్రం మొదటిది: జంతువు వచ్చినప్పుడే చప్పుడు రావాలి.

మా ఊరి ఎలక్ట్రీషియన్ తమ్ముడు టైమర్ తీసేసి, మెట్ల కింద లైట్లకు పెట్టే మోషన్ సెన్సార్లు రెండు కలిపాడు. వైర్లతో కలిపి 900 అయింది. సెన్సార్ ఎనిమిది పది గజాల కంటే చూడదు, అందుకని చేను మొత్తానికి పెట్టలేం. పెట్టక్కర్లేదు కూడా. పందులు ఎక్కడబడితే అక్కడ ఎక్కవు, వాగులో నుంచి వాటికి రెండు దారులు ఉన్నాయి, గట్టు మీద మట్టి నున్నగా అరిగి ఉంటుంది. ఆ రెండు చోట్లే పెట్టాను. ఇప్పుడు పంది గట్టు ఎక్కితేనే మైకు పలుకుతుంది, లేకపోతే రాత్రంతా మౌనం. మూడు రోజులకోసారి హారన్ చోటు మార్చాను. కార్డులో చప్పుళ్ల వరస కలిపేశాను. వదిన వాళ్ళ పాపకు నిద్ర, నా బ్యాటరీకి ఆదా, పందులకు భయం, మూడూ తిరిగొచ్చాయి.

సెన్సార్ కంటే ముందే చెప్పే కాపలా ఇంకొకటి మా చేన్లోనే ఉందని ఆ రోజుల్లోనే తెలిసింది. తీతువు పిట్ట. రాత్రి తీతువు అరిస్తే చెడు జరుగుతుందని మా నాయనమ్మ దిష్టి తీసేది. అది అరిచేది నేల మీద తన దగ్గరికి ఏదో నడిచి వస్తున్నందుకు. మనిషి కానీ, నక్క కానీ, పంది కానీ. వాగు ఇసుకలో ఉండే జంట అరిచిన నాలుగైదు నిమిషాలకు గట్టు దగ్గర మైకు పలికేది. ఇట్లా ఎన్ని రాత్రులు జరిగిందో లెక్క పెట్టలేదు కానీ, నేను తీతువు గొంతుకే లేచి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. తెల్లారుజామున అవే పిట్టలు మామూలుగా పలికే పలుకు వేరు, నిదానంగా ఉంటుంది. ఆపదప్పుడు తొందర తొందరగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు అరుస్తాయి. పది రాత్రులు మంచె మీద ఉంటే ఎవరికైనా ఆ తేడా చెవికి పడుతుంది.

ఇక కార్డులో ఉన్న 14 చప్పుళ్లలో ఏది మేలు అంటే, నా చేన్లో పులి కాదు, మనిషి. మిషన్‌తో వచ్చిన మనుషుల అరుపులు ఏ భాషో కూడా తెలియదు, అయినా వాటికే పందులు ఎక్కువ దూరం పారిపోయాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవిలో నీటి గుంటల దగ్గర ఇదే పరీక్ష చేశారు, 2023లో వచ్చింది. సింహం గుర్రు వినిపించినప్పటి కంటే, మనుషులు మామూలుగా మాట్లాడుకునే చప్పుడు వినిపించినప్పుడు జంతువులు పారిపోవడం రెండింతలు ఎక్కువ. అరుపులు కూడా కాదు, ఉత్త మాటలు. అడవి జంతువుకు మనిషి గొంతు కంటే పెద్ద భయం లేదన్నమాట. చదివినప్పుడు గర్వపడాలో బాధపడాలో తెలియలేదు. పల్లి రైతుగా మాత్రం నాకు దారి దొరికింది.

మా నాయిన నలభై ఏళ్ళు మంచె మీద కాపలా ఉన్నాడు. వడిసెల తిప్పి రాయి విసిరితే గట్టు అవతల పడేది. ఆయన కేక ఒక తీరుగా ఉంటుంది. 'హో... హోయ్... హుర్ర్ర్' అని మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ ఇంకో పక్కకు తిరిగి అంటాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, మంచె ఎక్కలేడు. ఒక సాయంత్రం చేను దగ్గరికి బండి మీద తీసుకుపోయి, గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డు చేశాను. కేకలు, డబ్బా కొట్టడం, పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టు ఉత్త మాటలు, అన్నీ కలిపి పదకొండు ముక్కలు వచ్చాయి. మనిషి గొంతును హారన్ బాగా పలుకుతుంది, పులి గొంతులా పీచు కాదు. అవి కార్డులో వేశాక పల్లి పీకేదాకా ఇరవై ఆరు రాత్రులు. అందులో రెండు రాత్రులే పందులు చేన్లోకి దిగాయి, అదీ ఒకసారి బ్యాటరీ పడిపోయినప్పుడు.

అంతకు ముందు ఏడాది పందుల వల్ల ఎకరం పైన పోయింది. ఈసారి మొత్తం కలిపి పది పన్నెండు సాళ్లు. ఇదంతా మిషన్ గొప్పే అనను. గట్టు చుట్టూ ఆముదం సాళ్లు కూడా వేశాను, పందులు దాన్ని తినవు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎప్పటి నుంచో చెప్తున్న పద్ధతే అది. కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టకండి. నేరం అన్నది పక్కన పెట్టండి, నీళ్లు కట్టడానికి చీకట్లో వచ్చిన మనుషులు పోతున్నారు.

రేటింగ్ అడిగితే, షాపులో ఇచ్చినట్టే టైమర్ మీద వాడితే ఐదుకు రెండు. సెన్సార్ పెట్టించి, సొంత గొంతులు వేసుకుని, చోటు మారుస్తూ వాడితే నాలుగు. కొనేటప్పుడు కార్డులో మన ఫైళ్లు వేసుకోవచ్చా అని అడగండి, కొన్నింటిలో కార్డు బయటికి రాకుండా సీల్ చేస్తున్నారు, అవి వద్దు. బిల్లు తీసుకోండి. ఎకరంన్నర దాటితే రెండో హారన్ కావాలి. పంటకు పందులు రాని రోజుల్లో ఆపేయండి, ఊరికే మోగితే దాని విలువ పోతుంది.

రికార్డు చేసిన ముక్కలు ఇంటికొచ్చాక నాయినకు వినిపించాను. ఏడో ముక్కలో కేకకు, కేకకు మధ్య ఆయన గట్టిగా దగ్గాడు. అది కోసేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే, 'దగ్గు తియ్యకురా, ఉండనీ. దగ్గు ఇంటేనే మనిషి కూసున్నడని పందికి తెలుస్తది' అన్నాడు. తియ్యలేదు. ఇప్పటికీ కార్డులో ఉంది.